కవర్ల మట్టి

కడియం నర్సరీలకు వచ్చినవాళ్ళు పూలు చూసి మురిసిపోతారు. రోడ్డువారన బోగన్‌విల్లాలు, క్రోటన్లు, మందారాలు వరసలు తీరి ఉంటాయి. అవి చూసేసరికే పొద్దు వాలిపోతుంది. వాటి వెనక కొబ్బరాకుల పందిరి నీడన ఉండే మట్టి కుప్పల దాకా ఎవరూ రారు. నా చిన్నతనమంతా ఆ కుప్పల దగ్గరే గడిచింది. మా నాన్న అంట్లు కట్టేవాడు, మా అమ్మ కవర్లు నింపేది. అంటు కట్టే చేతికి ఊళ్ళో పేరుంటుంది, కూలీ కూడా ఎక్కువే. కవర్లు నింపే చేతికి వెయ్యి కవర్లకింత అని లెక్క. కానీ కట్టిన అంటు బతికేదీ చచ్చేదీ కవర్లో పోసిన మట్టిని బట్టేనని నాన్నే అనేవాడు, అదీ అమ్మ వినేలా.

ఎర్రమట్టి రాజానగరం వైపు మెట్ట నుంచి లారీల్లో వచ్చేది. పశువుల ఎరువు చుట్టుపక్కల ఊళ్ళ పెంటకుప్పల నుంచి ముందు ఎడ్లబళ్ళ మీద, తర్వాత్తర్వాత ట్రాక్టర్ల మీద వచ్చేది. డెల్టాలో అడుగడుక్కీ రైసుమిల్లే కాబట్టి ఊకకి కొదవ లేదు. ఇసుక గోదారిది. మామూలు మొక్కలకైతే రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఎరువు, ఊకా ఇసుకా కలిపి ఇంకో పాలు. గులాబీలకు ఎరువు పెంచేవారు. ఎడారి మొక్కలకు ఇసుక పెంచేవారు. గింజ మొలిపించే కవర్లకు మాత్రం ఎరువు బాగా తగ్గించేవారు, ఎందుకంటే మొలకకి కావలసింది తడీ గాలీ, తిండి గింజలోనే ఉంటుంది. మగవాళ్ళు పారలతో కుప్పని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిరగేసేవాళ్ళు. మూడు తిరగేతలు పడితే గానీ ఎరుపూ నలుపూ కలిసి ఒకే రంగులోకి రావు. రెండో తిరగేతలోనే నీళ్ళు చిలకరించాలి, చివర్లో పోస్తే పైపైనే తడుస్తుంది.

అప్పుడు అమ్మ వచ్చేది. కుప్ప అంచున కాకుండా మధ్యలోకి మోచెయ్యి దాకా చెయ్యి పెట్టి గుప్పెడు తీసి, బిగించి పట్టి, వేళ్ళు విప్పేది. ఉండ నిలవాలి. బొటనవేలితో తాకగానే విడిపోవాలి, నెయ్యి తక్కువైన సున్నుండలాగ. ఉండే కట్టకుండా జారిపోతే తడి చాలలేదు, లేదా ఊక ఎక్కువైంది. నొక్కినప్పుడు విడిపోకుండా వేలిముద్ర పడిందంటే బంక ఎక్కువైంది. వేళ్ళ సందుల్లోంచి నీరు కారితే ఆ పూటకి కవర్లు నింపడం ఆపించేసేది. మేస్త్రిగారికి అది కష్టంగా ఉండేది, లారీ లోడుకి మొక్కలు అందించాలి కదా. అయినా అమ్మ ఒప్పుకునేది కాదు. ముద్దగా తడిసిన మట్టిని కవర్లో కుదిస్తే గాలి ఆడే సందులన్నీ మూసుకుపోతాయి. ఎండాక అది గడ్డకట్టుకుపోయి, పైన పోసిన నీళ్ళు అంచుల వెంబడి కిందికి జారిపోతాయి. చూసేవాళ్ళకు కవరు తడిసినట్టే ఉంటుంది, మధ్యలో వేరు మాత్రం ఎండుతూ ఉంటుంది.

నేలలో పుట్టిన చెట్టుకి వానపాములున్నాయి, రాలిన ఆకుంది, పదడుగుల లోతున తడుంది. ఒక చోట దొరక్కపోతే వేరు ఇంకో వైపు వెతుక్కుంటూ వెళుతుంది. కవర్లో మొక్కకి ఆ దారి లేదు. దాని గాలీ నీరూ తిండీ అన్నీ మనం పోసిన ఆ జానెడు మట్టిలోనే ఉండాలి. అందుకే పొలంలో బంగారం పండే మట్టిని తెచ్చి కుండీలో పోసినా మొక్క చచ్చిపోవచ్చు. ఈ సంగతి నాకు 1986లో తెలిసింది.

ఆ ఏడాది ఆగస్టులో గోదారి పొంగింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. లంకలు మునిగిపోయాయి, పశువులు కొట్టుకుపోయాయి, మేం బడిలో తలదాచుకున్నాం. నీళ్ళు తీశాక నర్సరీకి వెళితే కవర్ల వరసలు కనబడలేదు. అంతా మెత్తటి బురద. అది ఆరుతూ ఆరుతూ పెళ్ళలుగా బీటలిచ్చింది. పెళ్ళ చేత్తో ఎత్తితే అడుగున నున్నగా మెరుస్తూ, వేలు పెడితే మైదాపిండంత మెత్తగా ఉండేది. ఒండ్రు. డెల్టాని డెల్టా చేసింది ఆ మట్టే. యజమానిగారు, మేస్త్రిగారు అది చూసి సంబరపడ్డారు. ఎర్రమట్టి లారీలకు డబ్బు పోసే పనిలేదు, ఇంటి ముందుకే వచ్చింది, ఎత్తి కవర్లు నింపెయ్యమన్నారు.

"దీంట్లో బలముందండి, ఊపిరి లేదు" అంది అమ్మ.

మేస్త్రిగారు ఒక వరస ఉత్త ఒండ్రుతోనూ, పక్క వరస అమ్మ చెప్పినట్టూ నింపించారు. అమ్మ చెప్పింది ఒక పాలు ఒండ్రు, ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు ఎరువు, రెండు పాళ్ళు ఊక. రెండింటిలోనూ మల్లె కొమ్మలే గుచ్చారు. నేను రోజూ బడి నుంచి వచ్చి చూసేదాన్ని. ఉత్త ఒండ్రు వరసలో పోసిన నీరు పైన నిలబడి, గడియ తర్వాత కూడా ఆకాశం కనబడేది అందులో. కొమ్మలు చిగురు వేసినట్టే వేసి, అడుగున నల్లబడ్డాయి. ఒకటి పీకి ముక్కు దగ్గర పెట్టుకుంటే మురుగు కాలవ వాసన. రెండో వరసలో నీళ్ళు పోసిన కాసేపటికే కవరు అడుగు చిల్లుల్లోంచి చుక్కలు కారేవి, ఆ మల్లెలు వేళ్ళూనాయి. మేస్త్రిగారు ఆ తర్వాత ఏ కుప్ప కలిపినా ముందు అమ్మని పిలిచేవారు. కూలీ పెంచలేదు గానీ పిలిచేవారు.

పెళ్ళయి హైదరాబాదు వచ్చి, సైనిక్‌పురి దగ్గర అపార్టుమెంటులో దిగాం. మేడ మీద నాలుగు కుండీలు పెట్టుకుందామంటే ముందు మట్టి ఎక్కడ దొరుకుతుందన్నదే ప్రశ్నయింది. ఈ ఊరు గ్రానైటు మీద కూచున్న ఊరు. సెల్లార్ తవ్వితే వచ్చేది మొరం, పిండి పిండిగా నలిగిన రాయి. పక్క వీధిలో కొత్త బిల్డింగు పునాదుల మట్టిని ట్రాక్టరులో తెప్పించి మా అసోసియేషన్ వాళ్ళు గేటు పక్క తొట్లన్నీ నింపారు. ఎర్రగా ఉంది కాబట్టి అందరికీ మంచి మట్టిలాగే కనబడింది. రెండు తడులకే పైన పెచ్చు కట్టింది, ఎండాకాలం వచ్చేసరికి చామంతులు మాడిపోయాయి. వాళ్ళు దానికి కారణం ఎండ అనుకున్నారు.

పైఫ్లాటు అబ్బాయి అప్పట్లో ఆరో తరగతో ఏడో తరగతో. సైన్సు ప్రాజెక్టు కావాలి ఆంటీ అని వచ్చాడు. వాడి చేత గాజు సీసాలో మట్టి పరీక్ష చేయించాను. హార్లిక్స్ సీసా మూడో వంతు ఆ తొట్టి మట్టి, మిగతా నీళ్ళు, చిటికెడు బట్టల సబ్బుపొడి. మూత బిగించి బాగా గిలకొట్టి కిటికీలో కదలకుండా పెట్టాం. నిమిషంలో ఇసుక దిగిపోయింది. కొన్ని గంటల్లో దాని మీద సన్నటి ఒండ్రు పొర పరుచుకుంది. బంకమన్ను తేరడానికి మర్నాటి దాకా ఆగాలి, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది, అప్పటిదాకా నీళ్ళు కలకగానే ఉంటాయి. అంతా తేరాక వాడు స్కేలు పెట్టి కొలిచాడు. గరుకు ఇసుకే సీసాని ఆక్రమించింది, పైన సన్నటి బంక పొర, నీటి మీద తేలే నల్లటి పదార్థం దాదాపు లేదు. ఇంకో సీసాలో ఊరి నుంచి సంచిలో తెచ్చుకున్న మా కవర్ల మట్టి వేశాం. అందులో పొరలకి పైన నల్లటి చెత్తా చెదారం తేలింది. "ఇదేంటి ఆంటీ, మురికా?" అన్నాడు. మొక్క తినేది దాన్నే అని చెప్పాను. కుళ్ళిన ఆకు, ఎరువు పీచు, చచ్చిన వేరు. మట్టిని మట్టి చేసేది ఆ నలుపే.

మేడ మీద ఉన్న చిక్కు కడియంలో లేనిది. బరువు. కింది ఫ్లాటులో రిటైరైన ఇంజనీరుగారున్నారు. ఆయన లెక్క కట్టి చూపించారు. మనుషులు తిరిగే చదును కప్పు మీద చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువు పడుతుందన్న అంచనాతో డిజైన్ చేస్తారు. తడిసిన మట్టి లీటరు 1.7 నుంచి 2 కిలోల దాకా తూగుతుంది. అంటే అడుగు లోతున చదరపు మీటరు మేర మట్టి పోస్తే అయిదొందల కిలోలు దాటిపోతుంది. కాబట్టి మొక్కలు పెంచే సంచులన్నీ పిట్టగోడల పక్కన, కింద దూలాలున్న చోట మాత్రమే పెట్టమన్నారు, మట్టి తేలిక చెయ్యమన్నారు. ఊళ్ళో ఊక చేసిన పని ఇక్కడ కోకోపీట్ చెయ్యాల్సి వచ్చింది.

కోకోపీట్ కూడా మా గోదారి సరుకే. అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి డొక్కల నుంచి పీచు తీశాక రాలే పొట్టు. మా చిన్నప్పుడు అది రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉండేది, ఎవరికీ పట్టేది కాదు. ఇప్పుడు 5 కిలోల ఇటుకలుగా నొక్కి అమ్ముతున్నారు. నీళ్ళు పోస్తే ఒక్కో ఇటుక 60, 70 లీటర్లకు ఉబ్బుతుంది. దాంట్లో ఉప్పు ఉంటుంది, ముఖ్యంగా సోడియం, పొటాషియం. నానబెట్టిన మొదటి నీళ్ళు కాఫీ రంగులో వస్తాయి. ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ నింపి, రంగు పల్చబడేదాకా కడగాలి. నేను చివరి కడుగుకి కాస్త జిప్సం కలుపుతాను. అందులోని కాల్షియం పొట్టుని పట్టుకుని ఉన్న సోడియాన్ని విడగొడుతుంది. కడగని కోకోపీట్‌లో వేసిన మిరపనారు ఆకుల అంచులు మాడిన సంగతి చుట్టుపక్కల చాలా మేడల మీద చూశాను. ఇంకో సంగతి. కోకోపీట్ తడిని పట్టుకుంటుంది గానీ తిండి పెట్టదు. అది చివకడానికే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని లాక్కుంటాయి. ఉత్త కోకోపీట్ మీద భరోసా పెట్టుకున్న తోటలు మొదటి నెల పచ్చగా ఉండి రెండో నెలలో పాలిపోవడానికి కారణం ఇదే.

కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారి వల్ల మిద్దెతోట అన్న మాట ఇంటింటికీ చేరాక, మా కాలనీలో కూడా సంచుల అమ్మకం, ఎరువుల అమ్మకం ఊపందుకుంది. ఎరువు ఆటోలో ఇంటికే వచ్చేది. ఆ ఎరువు దగ్గరే నాకు ఎక్కువ పట్టుదల. ఒకసారి ఒకతను తెచ్చిన సంచి విప్పి చూపిస్తూ, "పాత పెంటమ్మా ఇది, రెండేండ్లయింది కుప్పవెట్టి, సెయ్యి వెట్టి సూడుండ్రి" అన్నాడు. అప్పటికి అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. సంచి అడుగు దాకా చెయ్యి పెట్టి తీసి వాసన చూసింది.

"పైన ఆరింది గానీ లోపల ఇంకా ఉడుకుతోందే అమ్మాయ్."

నాకు వాసన పెద్దగా తెలియలేదు. అందుకని ఇద్దరం మెంతులతో పరీక్ష పెట్టాం. రెండు ప్లాస్టిక్ డబ్బాలు, ఒకదాంట్లో పాత మట్టి, రెండోదాంట్లో ఆ మట్టీ కొత్త ఎరువూ సగం సగం. రెండింటిలోనూ గుప్పెడేసి మెంతులు చల్లి తడిపాం. మెంతులు నాలుగు రోజుల్లో తేలతాయి. పాత మట్టిలో అన్నీ ఒక్క ఎత్తున లేచాయి. ఎరువు డబ్బాలో అక్కడొకటి ఇక్కడొకటి. ఒక మొలకని పట్టకారుతో లాగి ఎండలో పెట్టి చూశాం. తెల్లగా ఉండాల్సిన వేరు కొస గోధుమరంగులో కమిలిపోయి, అక్కడితో ఆగిపోయింది. పచ్చి ఎరువులో ఉన్న అమ్మోనియా, ఉప్పు చేసే పని అది. ఆ సంచిని వాపసు ఇవ్వలేదు, మేడ మూల గోనెపట్టా కప్పి తడి చేసుకుంటూ, తిరగేసుకుంటూ వర్షాకాలం దాకా ఉంచాం. చివరికి మంచి ఎరువే అయింది. తిరగేసేటప్పుడు బొటనవేలంత లావున తెల్లటి పురుగులు, వంకర తిరిగి పడుకున్నవి బయటపడ్డాయి. కొబ్బరి చెట్ల మొవ్వు తినే కొమ్ము పురుగు పిల్లలవి, పెంటలోనే పెరుగుతాయి. కోనసీమ రైతుకు పరమ శత్రువు.  అమ్మ ఏరి ఏరి మేడ మీదికి వచ్చే గోరింకలకు వేసింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఎరువు ఆటో ఆగిపోయింది, నర్సరీలు మూసేశారు, కోకోపీట్ లేదు. కూరగాయలు మాత్రం అందరికీ కావాలి. యాసంగి టమాటాలు అయిపోయి, సంచులన్నీ పీకెయ్యాల్సిన సమయం అది. పక్క బ్లాకుల వాళ్ళు పాత మట్టిని చెత్తబండిలో పోసేస్తున్నారు, అయిపోయిన మట్టి అని. ఆ మాట వినడం నాకు చాలా బాధగా ఉండేది. రెండు మూడు పంటలు తీసిన మట్టి అలిసిపోయి ఉంటుంది, ఎండి కుంచించుకుపోయి ఉంటుంది, ఉప్పు చేరి ఉంటుంది. అంతమాత్రాన అయిపోదు. లారీ ఎక్కి వచ్చిన మెట్ట మట్టి, ఏళ్ళ తరబడి చివికిన ఎరువు, మన చేతులు కలిపిన కలపకం అది. చెత్తబండిలో పొయ్యడానికి మనసెలా వస్తుంది? అందరినీ వాట్సాపులో బతిమాలి, ఆ సంచులన్నీ మా మేడ మీదికే చేరవేయించాను.

ఆ ఎండాకాలమంతా మేమిద్దరం చేసిన పని అదే. ముందు టమాటా మోళ్ళని వేళ్ళతో సహా పీకి, వేళ్ళు కడిగి చూశాం. కొన్నింటికి వేరు పొడుగునా బొబ్బలు, కణుపులు. నులిపురుగులు. కంటికి కనబడవు, వేరులో దూరి ముడులు కట్టిస్తాయి. ఆ సంచుల్ని వేరు చేశాం. మట్టిని పాత చీరల మీద పరిచి, వేళ్ళ పీచు ఏరి, ఇసుక జల్లెడలో పోసి జల్లించాం. నులిపురుగుల మట్టిని తడిపి, పల్చటి పారదర్శకమైన పాలిథిన్ షీటు పైన కప్పి, అంచులు ఇటుకలతో నొక్కి, ఏప్రిల్, మే ఎండలకి నాలుగైదు వారాలు వదిలేశాం. తడి ఉండాలి, పొడి వేడి కంటే తడి వేడే వాటిని చంపుతుంది. మధ్యాహ్నం షీటు ఎత్తి చెయ్యి పెడితే నిలపలేకపోయేవాళ్ళం. అంత వేడికి నులిపురుగులతో పాటు మేలు చేసే జీవాలు కూడా చాలావరకు పోతాయి. కాబట్టి చల్లారాక మళ్ళీ ప్రాణం పొయ్యాలి.

దానికి ట్రైకోడెర్మా అనే మేలు చేసే బూజు వాడాం. వ్యవసాయ శాఖ వాళ్ళు రైతులకు చెప్పే లెక్క ఒకటుంది. 90 కిలోల మాగిన ఎరువు, 10 కిలోల వేపపిండి, రెండు కిలోల ట్రైకోడెర్మా పొడి కలిపి, నీడలో కుప్పపోసి, గోనెపట్టాలు కప్పి, వారం పదిరోజులు తడి ఆరకుండా చూడాలి. మాకున్నంతలో అదే లెక్కన తగ్గించి కలిపాం. పట్టా ఎత్తేసరికి ఎరువు మీద బూజు పరుచుకుని, అక్కడక్కడ లేత ఆకుపచ్చ తిరిగి, అడవిలో వాన పడిన వాసన వచ్చింది. అమ్మకి ఈ పొడి కొత్త. "ఎరువుకి తోడు పెట్టడమా?" అని చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది.

వేపపిండి మాత్రం అమ్మకి తెలిసినదే. నులిపురుగుల్ని తగ్గిస్తుంది, నాలుగైదు శాతం నత్రజని ఇస్తుంది, నెమ్మదిగా ఇస్తుంది. అడుగు వెడల్పు సంచికి గుప్పెడు చాలు. పల్లిచెక్కలో నత్రజని ఇంకా ఎక్కువ గానీ చీమల్నీ ఎలకల్నీ పిలుస్తుంది. ఆముదం పిండి మా మేడ మీద నేను పెట్టనివ్వను, పై ఫ్లాటు వాళ్ళ కుక్క తిరుగుతుంది, అది తింటే దాని ప్రాణానికే ముప్పు. గుడ్డు పెంకులు, కట్టెల బూడిద తెచ్చి ఇచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. మా బోరు నీళ్ళు ముందే సున్నపు నీళ్ళు, ఆ రెండూ మట్టిని ఇంకా క్షారం వైపే తోస్తాయి. తీసుకుని కంపోస్టు డ్రమ్ములో కొంచెం కొంచెం వేస్తాను, కుండీల్లో చల్లను.

డ్రమ్ము సంగతి చెప్పాలి. ఎరువు ఆటో రాని ఆ నెలల్లోనే మా బ్లాకు మొత్తం వంటింటి చెత్త నా దగ్గరికి రావడం మొదలైంది. చుట్టూ చిల్లులు పొడిచిన నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో ఒక పొర తొక్కలు, రెండు మూడు పొరల ఎండాకు. ఎండాకు అంటే మా వీధిలో కానుగ చెట్లవి, ఊడ్చేవాళ్ళు కుప్ప చేసి కాల్చకముందే ఎత్తుకొచ్చేదాన్ని. ఒక వంతు నత్రజనికి 25, 30 వంతుల కార్బన్ ఉంటే చెత్త చక్కగా చివుకుతుంది, ఆ కార్బన్ ఎండాకులోంచే రావాలి. ఘాటుగా ముక్కు మండితే ఎండాకు చాలలేదు. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే గాలి చాలలేదు, కర్రతో కలియబెట్టాలి. కొన్ని వారాలకి డ్రమ్ము నిండా బూడిదరంగు పురుగులు లుకలుకలాడుతుంటే కింది ఫ్లాటు కోడలు కెవ్వున అరిచింది. బ్లాక్ సోల్జర్ ఫ్లై పిల్లలవి, మనకీ మొక్కకీ ఏ హానీ చెయ్యవు, పైగా తొక్కల్ని త్వరగా తినేస్తాయి. చిన్న డ్రమ్ములో ఒక లోటుంది. పెద్ద కుప్పలాగా 55, 60 డిగ్రీల వేడెక్కదు, అందుకని కలుపు గింజలు చావవు. మా కుండీల్లో ఎవరూ నాటని టమాటాలు, బొప్పాయిలు మొలిచేది ఇందుకే. అమ్మ వాటిని పీకనివ్వదు, కవర్లలోకి మార్చి పంచిపెడుతుంది.

కవర్లు నింపేటప్పుడు అమ్మ చేసే ఇంకో పని మీద మా ఇంజనీరుగారికీ ఆమెకీ పెద్ద చర్చ జరిగింది. ఆయన కుండీ అడుగున రెండంగుళాల కంకర పోస్తారు, నీళ్ళు దిగడానికని. అమ్మ చిల్లు మీద ఒక వంపు పెంకు బోర్లిస్తుంది, అంతే, పైనంతా ఒకే కలపకం. "కంకర పొయ్యకండి బాబూ, వేళ్ళకి చోటు తగ్గిపోద్ది, నీరు ఇంకా పైకొచ్చి నిలబడద్ది" అంది. ఆయన నమ్మలేదు. గాజు గ్లాసులు రెండు తెప్పించి, ఒకదాంట్లో కంకర మీద మట్టి, ఇంకోదాంట్లో ఉత్త మట్టి పోసి, అడుగున చిల్లు పొడవలేం కాబట్టి పారదర్శకమైన వాటర్ బాటిళ్ళు కోసి చిల్లులు పెట్టి మళ్ళీ చేశారు. నీళ్ళు పోసి కారడం ఆగాక చూస్తే, కంకర ఉన్న దాంట్లో తడి మట్టి నల్లటి పట్టీ కంకర పైన అలాగే నిలబడింది. సన్నటి మట్టి సందుల్లో పట్టుకున్న నీరు, పెద్ద సందులున్న కంకరలోకి దానంతట అది దిగదు. మట్టి ఎక్కడ ఆగిపోతే దాని అడుగున కొంత మేర చెమ్మ నిలుస్తుంది. కంకర పోస్తే ఆ చెమ్మ పట్టీ పైకి జరిగి, వేరుకి దగ్గరవుతుంది. ఆయన ఆ సాయంత్రమే తన కుండీలు తిరగబోసి కంకర తీసేశారు. అమ్మకి ఈ కారణాలేవీ ఎవరూ చెప్పలేదు. లక్షల కవర్లు నింపిన చేతికి ఆ సంగతి తెలుసు.

ఆ జూన్‌లో, మృగశిర కార్తె ప్రవేశించాక, అందరి సంచుల మట్టినీ ఒకచోట పోసి కొత్త కలపకం చేశాం. రెండు పాళ్ళు జల్లించిన పాత మట్టి, ఒక పాలు డ్రమ్ము కంపోస్టు, అర పాలు ట్రైకోడెర్మా పట్టిన ఎరువు, దానికి వేపపిండి, కొంచెం ఎముకల పొడి. అప్పటికి దుకాణాలు తెరిచారు, కడిగిన కోకోపీట్ ఒక పాలు కలిపాం. నులిపురుగులు పట్టిన మట్టిని మాత్రం వేరుగానే ఉంచి, అందులో టమాటా, వంగ, బెండ పెట్టకుండా బంతి నాటాం. బంతి వేళ్ళు ఆ పురుగుల్ని అదుపులో పెడతాయి. పూలు బతుకమ్మకి పనికొచ్చాయి, మెట్ల దగ్గర పిల్లలు వరసగా నిలబడి బుట్టల్లోకి తీసుకెళ్ళారు.

ఇప్పుడు మా బ్లాకులో ఎవరూ మట్టి పారబొయ్యరు. ఏప్రిల్ వచ్చేసరికి ఫ్లాటు నంబర్లు రాసిన సంచులు మేడ మెట్ల మీద చేరతాయి. అమ్మ ఒక్కో సంచీ విప్పించి, చేత్తో చూసి, ఏది ఎండకి వెయ్యాలో, ఏది ఊరికే జల్లిస్తే చాలో చెబుతుంది, పైఫ్లాటు అబ్బాయి చాక్‌పీసుతో రాస్తాడు. వాడిప్పుడు ఇంటర్ దాటాడు. పోయిన ఎండాకాలం గేటు పక్క తొట్ల మట్టి కూడా పైకి వచ్చింది, ఆ పాత పునాదుల మట్టి. జల్లిస్తే సగానికి సగం రాళ్ళే మిగిలాయి. వాటిని వాచ్‌మన్ పార్కింగ్ దగ్గరి గుంతలో పోశాడు. మిగిలిన దానికి రెండింతలు కంపోస్టు కలిపి, ఒక వర్షాకాలం ఊరికే ఉంచి, జనుము చల్లి పూతకి ముందే అందులోనే తిప్పేశాం. దసరా వెళ్ళాక అసోసియేషన్ వాళ్ళు ఆ తొట్లలో మళ్ళీ చామంతి పెట్టారు.